లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లు బూస్టర్ వేయించుకోవాలా వద్దా? తేల్చుకోవడం ఇలా

"కోవిడ్ వచ్చి తగ్గి ఇన్నేళ్లయినా నీరసం వదల్లేదు. ఇంట్లోవాళ్లు బూస్టర్ వేయించుకోమంటున్నారు. వేయించుకుంటే ఉన్న బాధ ఇంకా ఎక్కువవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?"

విజయవాడ నుంచి, గుంటూరు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక అంతా ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను, లాంగ్ కోవిడ్‌తో, అంటే కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని బాధలతో నెట్టుకొస్తున్న మనిషిని. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పేసేవాళ్లని మాత్రం నమ్మకండి. వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ పెట్టే బాబాయి అయినా, బోర్డు మీద నాలుగు డిగ్రీలున్న డాక్టర్ గారైనా సరే. మీ ఒంటి లెక్క చూడకుండా ఆ జవాబు ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క ఎలా వేసుకోవాలో కింద రాశాను.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు.

బూస్టర్ లాంగ్ కోవిడ్‌కి మందు కాదు. టీకా తర్వాత కొందరికి బాధలు తగ్గాయి, కొందరికి పెరిగాయి, చాలామందికి ఏ తేడా రాలేదు. కాబట్టి "వేయించుకుంటే నీరసం పోతుందట" అనే ఆశతో వెళ్లొద్దు. బూస్టర్ వేయించుకునేది మళ్లీ కోవిడ్ వస్తే ముదరకుండా ఉండటానికి, అంతే. ఆ రక్షణలో కూడా జబ్బు అసలు రాకుండా ఆపే భాగం కొన్ని నెలల్లోనే పలచబడుతుంది. ప్రాణం మీదికి రాకుండా కాపాడే భాగం ఇంకొంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండోది: లాంగ్ కోవిడ్ ఉన్నంత మాత్రాన టీకా వేయించుకోకూడదని ఏమీ లేదు. అయితే బ్రిటన్ ప్రభుత్వ టీకా మార్గదర్శకాల్లో ఒక తెలివైన మాట ఉంది. మనిషి బాగా కుంగిపోయి ఉన్నా, ఇంకా పరీక్షలు నడుస్తున్నా, ఈమధ్యే పరిస్థితి దిగజారినా టీకాను కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చు అని. కారణం టీకా ప్రమాదమని కాదు. ఆ తర్వాత ఏం జరిగినా అది టీకా వల్లా, జబ్బు వల్లా అన్నది తేలక తల పట్టుకోవాల్సి వస్తుందని. నేను చెప్పే పద్ధతి మొత్తానికీ ఆధారం ఈ మాటే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కోవిన్ సర్టిఫికెట్లు. ఫోన్ మారి పోగొట్టుకుంటే, అప్పుడు ఇచ్చిన నంబరుతో కోవిన్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి మళ్లీ దించుకోవచ్చు. ఏ టీకా, ఏ తేదీ అన్నవి కావాలి.
- కోవిడ్ వచ్చిన తేదీలు, హాస్పిటల్లో ఉంటే డిశ్చార్జి సమ్మరీ.
- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. ఆయుర్వేదం, హోమియో, పౌడర్లు, కషాయాలు కూడా రాయండి.
- 2021లో కొని బీరువాలో పడేసిన పల్స్ ఆక్సిమీటర్. కొత్త బ్యాటరీలు వేయండి.
- బీపీ మెషిన్. లేకపోతే పక్కింటివాళ్లది.
- థర్మామీటర్.
- ఒక నోటుబుక్కు. ఫోన్ యాప్ కన్నా ఇదే మేలు, మీకు ఒంట్లో బాగోనప్పుడు ఇంట్లోవాళ్లు కూడా రాయగలరు.

1. అది లాంగ్ కోవిడేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ మొదలైన మూడు నెలలకల్లా బాధలు కనిపించాలి, కనీసం రెండు నెలలు ఉండాలి, వాటికి వేరే కారణం దొరకకూడదు. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఈ మూడో మాట దగ్గరే. 2021 డెల్టా వేవ్ తర్వాత ప్రతి నీరసాన్నీ "కోవిడ్ తర్వాతే ఇలా" అనేశాం. అందులో కొంత థైరాయిడ్, కొంత రక్తహీనత, కొంత బి12 లోపం. అప్పట్లో వాడిన స్టెరాయిడ్లతో బయటపడిన షుగర్ కూడా చాలామందికి ఉంది.

ఏడాదిలో చేయించకపోయి ఉంటే ఇవి ఒకసారి చూపించుకోండి: రక్తంలో హిమోగ్లోబిన్ వగైరా చెప్పే సీబీసీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ, బి12, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఒక ఈసీజీ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి. టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసేవాళ్లకి దగ్గు ఘాటు వల్ల కూడా వస్తుంది, ఆ విషయం డాక్టర్‌కి మీరే చెప్పాలి, ఆయనకి తట్టకపోవచ్చు.

ఈ పరీక్షల్లో ఏదైనా తేడా దొరికితే బూస్టర్ ఆలోచన పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్న మనిషి టీకా గురించి తర్జనభర్జన పడటంలో అర్థం లేదు.

2. పాత డోసుల చరిత్ర రాయండి

ఒక పేజీలో ఒక్కో డోసుకి ఇవి రాయండి: తేదీ, టీకా పేరు, తర్వాత మూడు రోజులు ఏమైంది, తర్వాత నెల రోజులు ఏమైంది. ఒంటరిగా కూర్చుని రాస్తే సగం గుర్తుండదు. మీ ఆవిడనో, ఆయననో, అమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. "రెండో డోసు వేయించుకున్నాక చెల్లెలి పెళ్లికి వెళ్లామా లేదా?" అని అడిగితే చాలు, తారీఖులు వాటంతట అవే బయటకొస్తాయి.

ఇందులో చూడాల్సింది వరస. జ్వరం, ఒళ్లు నొప్పులు రెండు మూడు రోజులుండి పోయాయంటే అది మామూలు టీకా జ్వరం, భయపడాల్సింది లేదు. డోసు తర్వాత వారాల తరబడి మంచం పట్టి ఉంటే అది వేరే విషయం. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీయండి, ఆరో మెట్టులో డాక్టర్‌కి మొట్టమొదట చెప్పాల్సింది అదే.

ఇక్కడే ఒక చిక్కు. 2021 ఏప్రిల్, మే నెలల్లో టీకా కేంద్రాల దగ్గర గంటల కొద్దీ క్యూలో నిలబడి, అక్కడే కోవిడ్ అంటించుకున్నవాళ్లు మనలో కొందరున్నారు. టీకా వేయించుకున్న నాలుగైదు రోజులకి జ్వరం మొదలైందంటే అది టీకాదా, క్యూదా అన్నది ఇప్పుడు తేలదు. అలాంటి డోసు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. దాన్నిబట్టి నిర్ణయం తీసుకోవద్దు.

3. రెండు వారాల చిట్టా

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఇది లేకపోతే మాత్రం మిగతాదంతా చీకట్లో బాణం వేయడమే. టీకాకి ముందు మీరెలా ఉన్నారో రాసి లేకపోతే, తర్వాత ఎక్కువైందో తగ్గిందో చెప్పే దారి ఉండదు.

రోజూ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు. ఎక్కువ రాస్తే మూడో రోజే మానేస్తారు. ఇవి చాలు:

- పొద్దున మంచం దిగకముందు నాడి ఎంత
- నీరసం సున్నా నుంచి పది వరకు ఎంత
- మీకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే రెండు బాధలు (ఆయాసం, గుండె దడ, బుర్ర మసక, తల తిరగడం, ఒళ్లు నొప్పులు, ఏదైనా), వాటికీ పదికి ఎంత
- ఆ రోజు చేసిన పెద్ద పని ఏమిటి
- నిద్ర ఎన్ని గంటలు

అంకెలకి ముందే అర్థం పెట్టుకోండి. లేకపోతే సోమవారం నాలుగు, గురువారం నాలుగు ఒకటి కావు. ఉదాహరణకి గవర్నర్‌పేటలో బట్టల షాపులో పనిచేసే ఒకావిడ అనుకుందాం. ఆవిడకి రెండు అంటే షాపు నుంచి వచ్చి వంట చేసుకోగలగడం. ఐదు అంటే రాగానే అరగంట పడుకుంటే తప్ప వంటింట్లోకి వెళ్లలేకపోవడం. ఎనిమిది అంటే ఆ రోజు కర్రీ పాయింటే గతి. పది అంటే బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్లడం. మీ ఇంటికి తగ్గట్టు మీరు రాసుకోండి.

ఆవిడ చిట్టాలో మూడు రోజులు ఇలా ఉన్నాయనుకోండి: మంగళవారం నీరసం మూడు, పెద్ద పని స్టాకు సర్దడం. బుధవారం నాలుగు, మామూలు డ్యూటీ. గురువారం ఎనిమిది, ఏ పనీ లేదు. గురువారం కూలబడటానికి కారణం గురువారంలో వెతికితే దొరకదు, అది మంగళవారం స్టాకులో ఉంది. శ్రమ పడిన ఒకటి రెండు రోజులకి పడిపోవడం లాంగ్ కోవిడ్‌లో చాలామందికి ఉండే లక్షణం. ఈ సంగతి చిట్టాలో కనిపిస్తే టీకా రోజుని ఎలా అమర్చుకోవాలో కూడా తెలిసిపోతుంది.

నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు, దడ వచ్చేవాళ్లు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పది నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి, బీపీ రాసుకోండి. తర్వాత గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి జానెడు దూరంలో పెట్టి, కదలకుండా పది నిమిషాలు నిలబడండి. నిమిషానికోసారి నాడి రాయాలి. పెద్దవాళ్లలో పడుకున్నప్పటి కన్నా నాడి ముప్పైకి పైగా పెరిగి అలాగే ఉంటే, బీపీ పడిపోకపోతే, అది పాట్స్ అనే సమస్య కావచ్చు, గుండె డాక్టర్‌కి చూపించండి. పై బీపీ ఇరవైకి మించి పడిపోతే అది వేరే రకం, అదీ చెప్పాల్సిందే.

హెచ్చరిక: ఈ పరీక్ష ఒంటరిగా చేయొద్దు, పక్కన పట్టుకునే మనిషి ఉండాలి. ఇదివరకు స్పృహ తప్పి పడిపోయినవాళ్లు అసలు చేయొద్దు. కళ్లు బైర్లు కమ్మితే వెంటనే కూర్చోండి, పది నిమిషాలు పూర్తి చేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

సరిచూసుకోవడం: రెండు వారాలు అయ్యాక నీరసం అంకెలన్నీ కూడి పద్నాలుగుతో భాగించండి. అదే మీ పునాది అంకె. మొదటి వారం సగటుకీ, రెండో వారం సగటుకీ తేడా రెండు కన్నా ఎక్కువ ఉంటే మీ పరిస్థితి ఇంకా నిలకడగా లేదు. ఇంకో రెండు వారాలు రాయండి. ఈ రెండు అన్నది ఏ వైద్య గ్రంథంలోదీ కాదు, నేను వాడే కొలత.

4. మళ్లీ కోవిడ్ వస్తే మీకు ఎంత నష్టం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో సవరించిన సలహా ప్రకారం అదనపు డోసులు ముఖ్యంగా కావాల్సింది వీళ్లకి: వయసు పైబడినవాళ్లు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లాంటివి గట్టిగా ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, గర్భిణులు, రోగుల మధ్య పనిచేసే వైద్య సిబ్బంది. వేరే జబ్బులేవీ లేని పెద్దవాళ్లకి మొదటి డోసులు పూర్తయ్యాక వరసగా బూస్టర్లు వేస్తూ పోవాలని ఆ సంస్థ చెప్పడం లేదు. లాంగ్ కోవిడ్ పేరు ఆ జాబితాలో విడిగా లేదు.

దీన్నిబట్టి నా లెక్క ఇలా వేస్తాను. అరవై దాటి, షుగరో గుండె జబ్బో ఉండి, పాత డోసులకి పెద్దగా ఏమీ కానివాళ్లయితే తక్కెడ వేయించుకోవడం వైపే మొగ్గుతుంది. కీమో నడుస్తున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు అయితే ఇంకా ఎక్కువ, వాళ్లు ఈ వ్యాసం చదువుతూ కూర్చోకుండా తమ డాక్టర్‌నే నేరుగా అడగాలి. ముప్పై నలభై ఏళ్ల వయసు, లాంగ్ కోవిడ్ తప్ప వేరే జబ్బు లేదు, మూడు డోసులు అయ్యాయి, పాత డోసుకి నెలల తరబడి పడిపోయారు అంటే, ఆగినా పొరపాటేమీ లేదు. మధ్యలో ఉన్నవాళ్లకి చిట్టా, డాక్టరు కలిసి దారి చూపాలి.

లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లం తక్కెడలో వేయాల్సింది ఇంకొకటి ఉంది. మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే మన నీరసం మళ్లీ మొదటికి రావచ్చు. ఇప్పటికే రెండోసారో మూడోసారో కోవిడ్ వచ్చి, ఆ తర్వాత పరిస్థితి దిగజారినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. రెండో ఇన్ఫెక్షన్ తర్వాత ఎలా ఉందో, టీకా డోసు తర్వాత ఎలా ఉందో పక్కపక్కన రాసి చూడండి. ఏది ఎక్కువ పడగొట్టిందో కాగితమే చెబుతుంది.

5. ఆగాల్సిన సందర్భాలు

అసలు వద్దు: పాత డోసు వేసిన వెంటనే ముఖం, పెదాలు వాచి ఊపిరాడక హాస్పిటల్‌కి వెళ్లి ఉంటే ఆ రకం టీకా మళ్లీ వద్దు. కోవిషీల్డ్ తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టిన సమస్య వచ్చి ఉంటే అదే కోవకి, అంటే అడినోవైరస్ అనే వైరస్‌ని వాడి చేసే రకానికి చెందిన టీకా వద్దు. ముక్కు చుక్కల టీకా ఇన్‌కోవాక్ కూడా అడినోవైరస్ మీదే తయారైందని గుర్తుంచుకోండి. టీకా తర్వాత గుండె కండరం వాచినవాళ్లు గుండె డాక్టర్ సరే అంటేనే.

ఇప్పుడు వద్దు: ఈమధ్యే కోవిడ్ వచ్చినవాళ్లు, మన ప్రభుత్వం చెప్పినట్టు కోలుకున్నాక మూడు నెలలు ఆగాలి. జ్వరం ఉన్నా, చిట్టాలో నీరసం పునాది అంకె కన్నా పైకి పోయి ఉన్నా, వారంలో కొత్త మందు మొదలుపెట్టి ఉన్నా ఆగండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది ఏం చేసిందో తెలియదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మానేయాల్సిన పని లేదు. సూది వేసే సిస్టర్‌కి ముందే చెప్పి, తర్వాత ఐదు నిమిషాలు రుద్దకుండా గట్టిగా అదిమి పట్టుకోండి.

6. డాక్టర్ దగ్గర ఐదు నిమిషాలు

సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ మీకు దొరికేది ఆ ఐదు నిమిషాలే. కథ మొదటి నుంచీ చెబితే అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లోపలికి ఇంకో పేషెంట్ వచ్చేస్తారు. ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి చేతికివ్వండి:

"డాక్టర్ గారూ, నాకు ఫలానా నెల నుంచి లాంగ్ కోవిడ్. మూడు డోసులు అయ్యాయి, మూడోదానికి ఇలా అయింది. రెండు వారాల నుంచి నా నీరసం సగటు ఇంత. బూస్టర్ వేయించుకోకూడని కారణం నా ఒంట్లో ఏదైనా ఉందా? వేయించుకుంటే నా మందుల్లో ఏదైనా మార్చాలా?"

"బూస్టర్ మంచిదేనా?" అని అడగొద్దు. దానికి ఎవరైనా "మంచిదేనమ్మా" అనే అంటారు. మీ ఒంట్లో అడ్డంకి ఏముంది అని అడిగితే ఆయన మీ కాగితం చూడక తప్పదు.

"కోవిడ్ ఎప్పుడో పోయింది, ఇదంతా టెన్షన్" అని కొట్టిపారేసే డాక్టర్లు తగులుతారు. వాదించి ఉన్న ఓపిక ఖర్చు చేసుకోవద్దు, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. పెద్ద హాస్పిటల్ కావాలంటే రెండు ఊళ్లకీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది, విజయవాడ, గుంటూరు జీజీహెచ్‌లు (ప్రభుత్వ పెద్దాసుపత్రులు) ఉన్నాయి. అక్కడ క్యూలో నిలబడలేమనుకునేవాళ్లు తోడు మనిషిని తీసుకెళ్లండి. చీటీ దగ్గర వాళ్లు నిలబడతారు, మీరు కూర్చోవచ్చు.

7. టీకా దొరుకుతుందా?

ఇది ముందే కనుక్కోకుండా ఆటో ఎక్కేవాళ్లు చాలామంది. 2022 జనవరి 10న ప్రికాషన్ డోసు (బూస్టర్‌కి మన ప్రభుత్వం పెట్టిన పేరు) మొదలైనప్పటి రోజులు వేరు. ఆ ఏడాది జులై 15 నుంచి 75 రోజులు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి ఉచితంగా వేశారు. ఇప్పుడు అలా లేదు. ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి. మీ వార్డు సచివాలయం ఏఎన్ఎమ్‌ని (ఆరోగ్య కార్యకర్తని) అడిగితే ప్రభుత్వం వైపు స్టాకు ఉందో లేదో చెబుతారు. 104కి కూడా చేసి చూడొచ్చు.

ప్రైవేటులో ఇంకో తిరకాసు. కొన్ని టీకాలు ఒకే సీసాలో పది మందికి సరిపడా వస్తాయి. తెరిచాక కొన్ని గంటల్లో వాడేయాలి. ఒక్కరి కోసం తెరిస్తే మిగతాదంతా వృథా, అందుకే "పది మంది అయ్యాక పిలుస్తాం" అంటారు. మీ పేరు, నంబరు రాయించి, అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికైనా కావాలేమో అడగండి.

అడగాల్సినవి మూడే: ఏ టీకా ఉంది, ఎక్స్‌పైరీ ఎప్పుడు, వేశాక అరగంట కూర్చోవడానికి చోటుందా.

ఏది వేయించుకోవాలి అంటే, మన దేశంలో బూస్టర్‌గా అనుమతి వచ్చినవి చాలానే ఉన్నాయి. కోవిషీల్డ్ అడినోవైరస్ రకం, కోవాక్సిన్ చంపిన వైరస్ రకం. హైదరాబాద్ బయలాజికల్ ఇ వాళ్ల కార్బెవాక్స్, సీరమ్ వాళ్ల కోవోవాక్స్ ప్రొటీన్ రకాలు. పుణె జెన్నోవా వాళ్ల జెమ్‌కోవాక్ ఎంఆర్‌ఎన్‌ఏ రకం, ఒమిక్రాన్ కోసం తయారై 2023 జూన్‌లో విడుదలైంది. పేరు ఎంచుకునే అవకాశం మీకు దొరకడం కష్టం, ఉన్నదే వేస్తారు. పాత డోసు మిమ్మల్ని పడగొట్టి ఉంటే వేరే రకం అడగడం మాత్రం మీ హక్కు. అదే రకం తప్ప లేదంటే ఇంటికి తిరిగి వచ్చేయండి, మొహమాటానికి చెయ్యి చాపొద్దు. కోవిషీల్డ్, కోవాక్సిన్, కార్బెవాక్స్ మొదటి వైరస్ రూపాన్ని చూసి తయారైనవని కూడా తెలిసి ఉండాలి. ఇప్పుడు తిరుగుతున్న రకాలు సోకకుండా ఆపడంలో వాటి బలం తక్కువ.

8. రోజు ఎంచుకోవడం

రోహిణి కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు. నిలబడితే దడ వచ్చేవాళ్లకి బెజవాడ మే నెల ఒక్కటే చాలు, దానికి టీకా జ్వరం తోడు చేయొద్దు. ఒమిక్రాన్ మన దగ్గర జనవరిలో విరుచుకుపడిందని గుర్తుంది కదా. సంక్రాంతికి పిల్లలంతా ఇంటికి దిగేలోపు, అంటే నవంబరులో వేయించుకుంటే రెండు రకాలా కలిసొస్తుంది. దసరాకి దుర్గమ్మ కొండ మీద జనంలోకి వెళ్లే ఆలోచన ఉంటే కనీసం రెండు వారాల ముందు.

ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు పెద్ద పనులేవీ పెట్టుకోవద్దు. సెలవు ముందే పెట్టండి. ఆడవాళ్లకి ఒక మాట: ఆ మూడు రోజుల వంట ఎవరు చేస్తారో టీకాకి ముందే తేలిపోవాలి. "చూద్దాంలే" అంటే ఆ చేసేది మీరే. పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం కాదు నేను చెప్పేది, అదీ ముందు రోజు శ్రమే కదా.

ఆ రోజు తిని, నీళ్లు తాగి వెళ్లండి. పడుకుని వేయించుకుంటానని అడగొచ్చు, సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లకి అది మామూలే. ఎడమ చేతి వాటం ఉంటే కుడి చేతికి వేయించుకోండి. అరగంట అక్కడే కూర్చోండి. పది నిమిషాలకే "బాగానే ఉన్నాంలే" అని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోవద్దు.

జ్వరం రాకుండా ముందే మాత్ర వేసుకోవద్దు. వచ్చాక వేసుకోండి. పారాసిటమాల్ 650 అయితే ఆరేసి గంటల ఎడంతో, రోజుకి నాలుగు దాటకుండా. లివర్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన మోతాదే. మెడికల్ షాపులో "ఒంటి నొప్పులకి ఏదైనా ఇవ్వు బాబూ" అంటే కవర్లో స్టెరాయిడ్ మాత్ర కలిపి ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. ఇచ్చిన ప్రతి మాత్ర పేరు చదవండి.

9. ఏది మామూలు, దేనికి పరిగెత్తాలి

జ్వరం, చలి, చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు, చంకలో చిన్న గడ్డ, ఇవన్నీ మామూలు. లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లకి పాత బాధలు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఎక్కువ కావచ్చు. ఆ రోజుల్లో పడుకోండి. "కదిలితే తగ్గుతుంది" అని బ్యారేజీ మీద వాకింగ్‌కి వెళ్లడం మనకి పనికిరాదు.

వీటికి మాత్రం వెంటనే 108:

- నిమిషాల్లో, గంటల్లో ముఖం, నాలుక వాపు, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం
- ఛాతీలో నొప్పి, కొత్తగా వచ్చిన ఆయాసం, గుండె లయ తప్పినట్టు ఉండటం. హాస్పిటల్లో ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) చేయమని అడగండి
- అడినోవైరస్ టీకా అయితే మొదటి నెల పైచిలుకు కాలంలో: ఎంతకీ తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కాలు వాపు, వదలని కడుపు నొప్పి, ఒంటి మీద సూదితో గుచ్చినట్టు ఎర్రచుక్కలు. ప్లేట్‌లెట్లు చూడాలి
- కాళ్ల నుంచి పైకి పాకుతున్న నిస్సత్తువ, తిమ్మిరి

"లాంగ్ కోవిడ్ వల్లే అయి ఉంటుందిలే" అని ఇంట్లో కూర్చోవడం మనవాళ్లలో ఎక్కువ. ఏళ్ల తరబడి అన్నిటికీ అదే కారణం అనుకుని అలవాటైపోయి, కొత్త బాధని కూడా పాత ఖాతాలోనే వేసేస్తాం. చిట్టాలో ఇదివరకు లేనిది ఏదైనా కొత్తదే.

ఏం జరిగినా టీకా వేసిన కేంద్రంలో, ఏఎన్ఎమ్‌కి చెప్పి నమోదు చేయించండి. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి దేశమంతటికీ ఉచిత నంబరు 1800 180 3024 ఉంది.

10. ఆరు వారాల లెక్క

వేయించుకున్న రోజు నుంచి ఆరు వారాలు చిట్టా ఆపొద్దు. మొదటి వారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది టీకా జ్వరం వారం. ఐదో, ఆరో వారాల సగటుని మీ పునాది అంకెతో పోల్చండి. ఒకటి లోపు తేడా అంటే ఏమీ మారలేదు. రెండు దాటి పెరిగితే చిట్టా పట్టుకుని డాక్టర్ దగ్గరికి. రెండు దాటి తగ్గితే సంతోషం, కానీ ఆ ఊపులో ఇల్లంతా కడగడం మొదలుపెట్టొద్దు. పునాది కన్నా బాగున్నప్పుడే ఒళ్లు మరిచి పనిచేసి కూలబడేది.

పోల్చేటప్పుడు మధ్యలో ఏవైనా జరిగాయేమో చూడండి. పెళ్లి ప్రయాణం, రాత్రుళ్లు హాస్పిటల్లో తోడుండటం, వడగాలులు, నెలసరి, కొత్త బీపీ మాత్ర. వాటిని మరిచిపోయి మొత్తం టీకా మీదికి నెట్టడం ఎంత తప్పో, ఏమీ చూడకుండా టీకాని వెనకేసుకురావడం కూడా అంతే తప్పు.

వద్దనుకుంటే

వద్దనుకోవడం కూడా నిర్ణయమే, దానికీ పని ఉంది. జనంలో, ఏసీ హాలు పెళ్లిళ్లలో, హాస్పిటల్ వెయిటింగ్‌లో ఎన్95 మాస్క్. చెవులకి కాకుండా తల వెనక్కి వేసుకునే పట్టీలున్నది బాగా అతుక్కుంటుంది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా వాళ్ల గదికి కిటికీ తెరిచి ఉంచాలి. ఏటా వేసే ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ని అడగండి, ఫ్లూ కూడా మనల్ని అలాగే పడగొడుతుంది. ఇంట్లో రెండు కోవిడ్ టెస్టు కిట్లు ఉంచుకుని, లక్షణాలు మొదలైన రోజే చూసుకోండి. అరవై దాటినవాళ్లకి, పెద్ద జబ్బులున్నవాళ్లకి కోవిడ్ వస్తే ఇచ్చే నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పలచబడే మందులతో అవి పడవు, కాబట్టి మీ మందుల చీటీ చూపించకుండా తీసుకోకూడదు.

టీకా విషాన్ని ఒంట్లోంచి లాగేస్తామని అమ్మే పౌడర్లు, కషాయాల ప్యాకెట్లు కొనొద్దు. ఆ డబ్బుతో మంచి మాస్కులు వస్తాయి.

నిర్ణయం ఏదైనా తేదీ వేసి నోటుబుక్కులో రాయండి, ఎందుకు తీసుకున్నారో రెండు వాక్యాల్లో. ఏడాది తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. అప్పటికి మీ షుగర్ మారి ఉండొచ్చు, టీకాలు మారి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలుపెడితే చాలు.